కట్టిన చెయ్యే విప్పాలె

5 ఏప్రిల్ 2007

ఊళ్ళో వాళ్ళ దరఖాస్తులన్నీ ఈ కంప్యూటర్లో టైపు చేసి పెట్టేదాన్ని, నా కోసం ఇంతవరకు ఒక్క ముక్క కొట్టుకోలేదు. ఈరోజు కొడుతున్నాను. ఎవరినో ఒకరిని తిట్టాలి. ఎండకు జడిసి బాన్సువాడ బజారు మొత్తం ఇళ్ళల్లో పడుకుంది. తిట్టడానికి ఎదురుగా ఎవరూ లేరు.

ఆయనకు గడ్డలు మళ్ళీ వచ్చాయి. చంకలో ఒకటి, గజ్జలో ఒకటి, కడుపులో కనపడనివి ఇంకెన్నో. జుట్టు పోయింది, మొలిచింది, మళ్ళీ పోయింది, మళ్ళీ మొలిచింది. గడ్డలకు మాత్రం సిగ్గు లేదు. లింఫోమా అని పలకడం నేను నేర్చుకున్నాను. మా అత్తమ్మ పోసవ్వకు అది నెత్తురు కేన్సర్, అంతే. "నా కొడుకు నెత్తురుల ఏం తప్పున్నదే పిల్లా?" అని నన్నే అడుగుతుంది. నేనే ఏదో కలిపినట్టు.

హైదరాబాదు దవాఖానలో డాక్టరమ్మ కొత్త మందొకటి ఉంది, ప్రయత్నిద్దామంది. పాతవి ఇక పనిచేయవట. కేన్సర్ కణం ఒంటి మీద ఒక గుర్తు ఉంటుందట, ఆ గుర్తును వెతుక్కుంటూ పోయి అతుక్కునే యాంటీబాడీ ఇది. దాని వీపుకు కొంచెం రేడియో అయోడిన్ కట్టి సూదితో పంపుతారు. ముందు చిన్న మోతాదు. అది ఎక్కడికి పోయింది, ఎంతసేపు ఉంది, ఎంత తొందరగా బయటికి పోయింది అని కెమెరాతో మూడుసార్లు చూస్తారు. గడ్డల దగ్గరికి చేరితేనే, ఆయన ఒంటికి సరిపడా లెక్క కట్టి పెద్ద మోతాదు ఇస్తారు. చేరకపోతే ఇవ్వరు.

తిరిగొచ్చే జీపులో ఆయనకు నేను మా కిరాణా దుకాణం భాషలో చెప్పాను. కొత్త ఊరికి సరుకు పంపేముందు ఖాళీ సంచితో మనిషిని పంపి ఇల్లు చూసి రమ్మంటాం కదా, అట్లా అని.

"గా మందు దేనితోటి చేస్తరట?" అన్నాడు.

"ఎలుక నుంచట."

జీపులో పడీ పడీ నవ్వాడు. "దుకాణం పెట్టినకాన్నుంచి ఎలుకలకు మందు పెడ్తున్న. ఇప్పుడు ఎలుకనే నాకు మందా? దానికున్న బుద్ధి నాకు లేకపాయె!"

నాకు నవ్వు రాలేదు. రెండేళ్ళుగా ఈ మనిషి నవ్వుతూనే ఉన్నాడు, ఏడ్చే పని నాకు అప్పజెప్పి.

8 ఏప్రిల్

రేపు సూది. ఈ పొద్దు నుంచే చుక్కల మందు మొదలు. గోధుమరంగు సీసా. నీళ్ళలో కలిపి మూడు పూటలా తాగాలి. ఒక్క పూట కూడా తప్పొద్దని డాక్టరమ్మ వేలు చూపించి మరీ చెప్పింది. గొంతులో ఒక గ్రంథి ఉంటుందట, దానికి అయోడిన్ అంటే మహా ఆశ. ముందే మామూలు అయోడిన్‌తో దాని కడుపు నింపేస్తే వేడి అయోడిన్‌ను ముట్టుకోదు. నింపకపోతే గుటుక్కున మింగి కాలిపోతుంది.

నేను ఒక చుక్క నాలుకకు రాసి చూశాను. తుప్పు పట్టిన మేకు నాకినట్టుంది.

9 ఏప్రిల్, సోమవారం

సూది అయింది. మొదటి ఫొటో కూడా తీశారు. తిరిగొచ్చి కూర్చున్నాను, ఒళ్ళంతా దుమ్ము.

నర్సు చెప్పిందంతా నామీద పడింది. వారం పది రోజులు వేరే గది, వేరే పళ్ళెం. కడుపుతో ఉన్నవాళ్ళు, పిల్లలు దగ్గరికి రాకూడదు. చెప్పడానికేం, నోరుంది చెప్పింది. మా ఇంట్లో మా ఆడబిడ్డ గంగమణి తొలి కాన్పుకు వచ్చి ఉంది. ఎవరికి సుస్తీ అని తెలిసినా మా దగ్గర మంది వచ్చి మంచం మీద కూర్చుని చెయ్యి పట్టుకోవాలి, లేకపోతే పలకరింపే కాదు. వీధి పిల్లలా, చాక్లెట్ల డబ్బా కోసం రోజంతా ఆయన మోకాళ్ళ మీదే.

రేడియేషన్ అని చెప్పానంటే అయిపోయింది. రేపటి నుంచి మా దుకాణంలో ఉప్పు కూడా ఎవడూ కొనడు. గంగమణి అత్తగారి వాళ్ళు బండి కట్టుకుని వస్తారు, "మా కోడల్ని ఏడ వెట్టిండ్రు?" అని.

జీపు ఎల్లారెడ్డి దాటేసరికి నాకు తట్టింది. ఎండాకాలం. అమ్మతల్లి పోసే కాలం. తలుపుకు వేపమండలు కట్టి ఉన్న ఇంట్లోకి ఎవరూ రారు, కారణం అడగరు, చాటుగా గుసగుసలాడరు. పైగా భయంగా దండం పెట్టుకుని పోతారు.

రాజ్యం వాళ్ళింటికి పోయాను. రాజ్యం అంటే కాలువ అవతల, వలసొచ్చిన రైతుల క్యాంపులో ఉండే ఆంధ్రావిడ, మాకు పెరుగు పోస్తుంది. వాళ్ళ పెరట్లో వేపచెట్టుంది. "అయ్యో, పండరి గారికి అమ్మవారు పోసిందా!" అని నిచ్చెన తనే పట్టుకుంది. నేనెక్కి కోశాను. దుకాణం వెనక గోదాము గదిలో ఆయన మంచం వేసి, తలుపుకు నేనే కట్టాను. అత్తమ్మకు అసలు సంగతి చెప్పాను, నాటకం చెడగొట్టొద్దన్నాను. ఆమె మండల కేసి చూసి దండం పెట్టుకుంది.

చుక్కలు ఆమెకే అప్పజెప్పాను. నేను దుకాణం చూసుకోవాలి, జిరాక్స్ చూసుకోవాలి, గంగమణిని చూసుకోవాలి. నాకు చేతులు రెండే.

10 ఏప్రిల్

ఒక్క మనిషి కూడా రాలేదు! గడప అవతల పెరుగు ముంత పెట్టి పోయింది రాజ్యం. నా బుర్రకు నేనే వీపు తట్టుకుంటున్నాను.

12 ఏప్రిల్, గురువారం

రెండో ఫొటో. తెల్లటి తెర మీద ఆయన ఆకారం, చంకలో నల్లగా నిండు చుక్క, గజ్జలో ఇంకొకటి, పొట్టలో గుత్తిలాగా. చేరింది. ఖాళీ సంచి పట్టుకుని పోయినోడికి ఇల్లు దొరికింది. ఆ నల్లటి మచ్చలు చూసి నాకు ఏడుపొచ్చింది. దొంగలు దొరికినట్టే కదా.

మెడ దగ్గర కూడా కొంచెం మసకగా ఉంది. ఇదేంటని అడిగితే ఫొటో తీసే అబ్బాయి, "డాక్టర్ గారు చివరి ఫొటో చూసి మాట్లాడతారు" అన్నాడు.

ఏమీ అయి ఉండదు.

13 ఏప్రిల్

అత్తమ్మ ఇంట్లో తాలింపు బంద్ పెట్టింది. అమ్మవారున్న ఇంట్లో నూనె చిటపటమనకూడదట. గంగమణి పప్పు తినలేక మొహం మాడ్చుకుంది. నేను నవ్వుకున్నాను, ముసలమ్మ నాటకం ఎంత బాగా ఆడుతోందో అని. రోజూ గడపకు పసుపు కూడా రాస్తోంది. చుక్కల సీసా చూశాను, నిండుగానే ఉంది. పెద్ద సీసా కదా, చాలా రోజులే వస్తుం

14 ఏప్రిల్

నిన్న కరెంటు పోయింది. ఏం రాస్తున్నానో మర్చిపోయాను.

16 ఏప్రిల్, సోమవారం

చంపేస్తాను. ఎవరినో తెలియదు. అందరినీ.

తెర మీద ఆయన గొంతు దగ్గర సీతాకోకచిలుక రెక్కలు పరుచుకున్నట్టు నల్లగా. డాక్టరమ్మ నా వైపు తిరిగి, "చుక్కలు వేశారా?" అంది.

"మూడు పూటలా వేశాం మేడం."

"వేస్తే ఇట్లా రాదమ్మా."

"నేను అబద్ధం చెప్తున్నానా? మీ కెమెరానే పాడయి ఉంటది, సూసుకోండి!" గది బయట జనానికి వినపడేలా అరిచాను. ఆయన బెంచీ మీద కూర్చుని చెప్పుల వైపు చూస్తున్నాడు. నేను అరుస్తూనే ఉన్నాను. అప్పుడు మెల్లగా, "అవ్వ వద్దన్నది" అన్నాడు.

సూది వేసిన మర్నాటి నుంచి ఒక్క పూట కూడా లేదు. ఒక్క పూట! నేను జిరాక్స్ మిషన్ దగ్గర నిలబడి, లోపల నా మొగుడు మందు తాగుతున్నాడనుకుంటున్నాను.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు, అదే ఎక్కువ మండింది. పెద్ద మోతాదు ఇప్పుడు ఇవ్వనంది. ఇస్తే గొంతు గ్రంథి కాలిపోతుంది, ఒంటి లెక్క తప్పుతుంది. నెలైనా ఆగి మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. అదీ కుదిరితే. ఎలుక నుంచి వచ్చిన మందు కాబట్టి, ఒకసారి రుచి చూసిన ఒళ్ళు దాన్ని పరాయిదని గుర్తుపట్టి తరమడం నేర్చుకోవచ్చట. నేర్చుకుంటే ఇక ఈ మందు ఈయనకు జన్మలో పనికిరాదు. రక్తం పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ఇంకో మందు ఉందా అని అడిగాను. ఆమె వచ్చే నెల రక్తం పరీక్షకు చీటీ రాసి నా చేతిలో పెట్టింది.

జీపులో ఆయనతో మాట్లాడలేదు. ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే అత్తమ్మ మీద పడ్డాను.

"మందు ఎందుకు పొయ్యలే?"

"తల్లి ఉన్న ఇంట్ల మందు పోస్తరా ఎవలన్న?"

"ఏ తల్లి? ఏడున్నది తల్లి? నీ కొడుకు ఒంటి మీద ఒక్క పొక్కు సూపియ్యి!"

"పేరు వెట్టి పిలిస్తె వస్తదే తల్లి. పొక్కులే కావాల్నా? తలుపుకు మండలు కట్టిండ్రు, ఊరంత మొక్కవట్టె, ఇగ ఆమె రాక ఏడికి పోతది? ఒచ్చినంక మందు వోస్తె కోపం జేస్తది. నా కొడుకు కండ్లు పోతే నువ్వు తెస్తవా?"

"నాటకమని చెప్పిన్నా లేదా నీకు?"

"దేవునితోని నాటకమాడుతరా, పిచ్చి పిల్లా?"

మనిషి పేరే పోసవ్వ. అమ్మతల్లి పోచమ్మ పేరు పెట్టుకున్న మనిషికి వేపమండల ఇంట్లో మందు సీసా చేతికిచ్చింది ఎవరు? ఎవరో. ఈ ముసల్ది పసుపు రాసీ, మండలు పెట్టీ, తాలింపు మానీ, కొడుకును చంపుకుంటోంది.

17 ఏప్రిల్

ఆయన మీద కోపం ఇంకా ఎక్కువ. చదువుకున్నాడు, బస్తా మీద ఇంగ్లీషు పేర్లు చదువుతాడు. "నువ్వు చిన్న పిల్లగానివా? అమ్మ వద్దంటే మందు మానుతవా?" అంటే, "అవ్వ మనసు కష్టపెట్టి తాగితె నాకు సయిస్తదా? కట్టినకాడికి కట్టినం, తల్లికి మొక్కినమాయె..." అని గొణిగాడు. ఈయన కూడా నమ్మాడు! లోపల మంచం మీద పడుకుని, తలుపుకు వేలాడే ఆకుల్ని చూస్తూ చూస్తూ నమ్మేశాడు.

ఇవాళ ఒకాయనకు చక్కెర అడిగితే రవ్వ తూచాను.

22 ఏప్రిల్

గడ్డ పెరిగింది. చెయ్యి పూర్తిగా దించలేకపోతున్నాడు.

27 ఏప్రిల్

గంగమణికి ఆడపిల్ల. మంచిగా ఉన్నారు ఇద్దరూ. ఆయన గోదాము కిటికీలోంచి చూశాడు. ఇప్పుడు దగ్గరికి రావచ్చు, భయం లేదని డాక్టరమ్మ ఫోన్లో చెప్పింది. అయినా రాలేదు. "మండలు ఇంక ఉన్నయి గదా" అన్నాడు.

3 మే

ఆ మండలు ఎండి రోజూ నా నెత్తి మీద రాలుతున్నాయి. తీసి పారెయ్యమని అత్తమ్మతో అన్నాను. "కట్టిన చెయ్యే విప్పాలె. సాగదోలకుండ ఇప్పితె ఇల్లు సల్లగుంటదా?" అంది. సాగదోలడం అంటే వచ్చిన అమ్మవారిని మర్యాదగా పంపించడం. పసుపు నీళ్ళ స్నానం, పెరుగన్నం బోనం, ఇంకా ఏమిటో. లేని అమ్మవారికి బోనం పెట్టాలట. చావనైనా చస్తాను కానీ పెట్టను. మండలు పెట్టినామె తీసుకోనీ.

రాజ్యం పెరుగు తెచ్చినప్పుడు ఇదంతా వెళ్ళగక్కాను. మా అత్త వేపమండలు కట్టి ఎంత పని చేసిందో చూడు అని.

ఆమె ముంత కింద పెట్టి, "కోసుకెళ్ళింది నువ్వే కదా వందనా. నిచ్చెన నేనే పట్టుకున్నానుగా" అంది.

"అయితే?"

"అయితే ఏముంది. అమ్మవారు పోసిందని నాతో కూడా అబద్ధమేనా అని. మూడు వారాలుగా మా ఇంట్లో కోడి కొయ్యలేదు, తెలుసా? మీ ఆయన కోసం."

వెళ్ళిపోయింది. ఆంధ్రావాళ్ళకు ప్రతిదీ పట్టింపే.

4 మే

పెరుగు రాలేదు.

16 మే

పరీక్ష ఫలితం ఫోన్లో చెప్పారు. ఒళ్ళు ఎదురుతిరగలేదు. డాక్టరమ్మ గొంతులో కూడా ఊపిరి పీల్చుకున్నట్టు వినపడింది. సోమవారం రమ్మంది. "ఆదివారం నుంచి చుక్కలు. ఈసారి తప్పితే నేనేం చెయ్యలేనమ్మా."

నేను సీసా పట్టుకుని గోదాములోకి పోయాను. ఆయన చేతిలోకి తీసుకున్నాడు, అటూ ఇటూ తిప్పాడు, మళ్ళీ నా చేతికే ఇచ్చాడు.

"ఏసుకుంటనే. గవి ఇప్పినంక ఏసుకుంట."

"నీ ప్రాణం పెద్దదా, ఎండిన ఆకులు పెద్దవా?"

"గట్లనుకుంటె నువ్వు గూడ ఇప్పచ్చు గదా. నీకెందుకు అంత మొండితనం?"

తలుపు ధడేలుమని వేశాను. ఇంకో నాలుగు ఆకులు రాలాయి.

20 మే, ఆదివారం

విప్పాను.

ఎంత కోపంగా విప్పానంటే ముడి విప్పుతూ ఉంటే గోరు విరిగింది. అంతకు ముందు, తెల్లారగానే రాజ్యం వాళ్ళింటికి పోయాను. తాజా వేపాకు కావాలి స్నానం నీళ్ళకు. గుమ్మంలో నిలబడే చెప్పాను. అమ్మవారు కాదు, సూది మందు, జనం వస్తారని నేనే ఆడిన నాటకం. నువ్వు కోడి కొయ్యనందుకు నన్ను కొట్టు అన్నాను. "కొట్టడానికి చెప్పొద్దూ, చేతులు రావట్లేదు" అని నిచ్చెన తీసుకొచ్చింది.

అత్తమ్మ పసుపు నీళ్ళతో కొడుకుకు తలంటింది. నేను పెరుగన్నం వండి బోనం ఎత్తాను, నా జన్మలో మొదటిసారి ఇంత తిట్టుకుంటూ ఎత్తాను. పోచమ్మ గుడి దగ్గర దించి, మనసులో అన్నాను: తల్లీ, పిలిచింది నేనే. పని కోసం పిలిచి, పనయ్యాక నిన్ను తిట్టాను. నువ్వు నిజంగా వచ్చావో లేదో నాకు తెలియదు. వచ్చి ఉంటే దయచేసి పో.

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. "ఎన్ని చుక్కలే?" అంది. నేను కలిపి ఇచ్చాను. ఆమె తాగించింది. ఆయన మొహం వికారంగా పెట్టాడు. "థూ! గీ చుక్కల కన్న ఎలుకల మందు నయముండె" అన్నాడు.

28 మే, సోమవారం

మళ్ళీ వేసిన చిన్న సూదికి మూడో ఫొటో. చంకలో నల్లగా ఉంది, గజ్జలో ఉంది, పొట్టలో ఉంది. గొంతు దగ్గర తెల్లగా, ఏమీ లేదు. ఏమీ లేని చోటును అంతసేపు ఎవరూ చూసి ఉండరు. డాక్టరమ్మ తెర మీద వేలు పెట్టి, "ఈసారి ఎవరు వేశారు చుక్కలు?" అంది.

"మా అత్తమ్మ."

"చెప్పండి ఆమెకు, బాగా వేసిందని."

ఇంటికొచ్చి చెప్పలేదు. కోపం ఇంకా కొంచెం మిగిలే ఉంది. రేపు చెప్తాను.

8 జూన్

పెద్ద మోతాదు అయింది. నాలుగు రోజులు దవాఖానలోనే వేరే గదిలో పెట్టి ఇవాళ పంపారు. ఈసారి ఇంకా ఎక్కువ రోజులు దూరంగా ఉండాలి. ఇంట్లో చంటిది ఉంది. పాపను చూడ్డానికి గంగమణి అత్తగారి వాళ్ళు వస్తున్నారు, ఇంటినిండా మంది.

అత్తమ్మ దగ్గరికి వచ్చి, చిన్నగా, "మల్ల మండలు తేవాల్నా?" అంది.

"వద్దత్తమ్మా."

ఇదే కంప్యూటర్లో కూర్చుని పెద్ద అక్షరాలతో కొట్టాను. లోపల పండరి ఉన్నాడు, కేన్సర్‌కు రేడియేషన్ మందు ఎక్కించారు, గర్భిణులు పిల్లలు గోదాము వైపు రావొద్దు, సరుకులకు ఏ దోషం లేదు, అనుమానం ఉన్నవాళ్ళు నన్ను అడగండి, నా వెనక మాట్లాడకండి. వందన. చివరి ముక్క అవసరం లేదని ఆయన అన్నాడు. నేను తీసెయ్యలేదు.

తలుపుకు అంటించాను. కొందరు చదివి పక్క దుకాణానికి పోయారు. పోనీ. వాళ్ళ మొహాలు గుర్తుపెట్టుకున్నాను.

అత్తమ్మకు చదువు రాదు. నాతో రెండుసార్లు చదివించుకుని, మంచం తెచ్చి ఆ తలుపు ముందే వేసుకుంది. గంగమణి అత్తగారు చంటిదాన్ని ఎత్తుకుని గోదాము వైపు రాగానే మా ముసలమ్మ చీపురు ఎత్తింది. "కండ్లు లేవా? గోడ మీద రాసిపెట్టిండ్రు! చదువుకున్నోళ్ళు గాదా మీరు? ఆగుండ్రి ఆడనే!" అని అరుస్తోంది. లోపల్నుంచి ఆయన నవ్వు వినపడుతోంది.

అక్కడి నుంచే నాకు కేకేసింది. "ఓ వందనా, పొద్దటి చుక్కలేసిన, ఇగ మల్ల అడుగకు!"

నేను అడగనే లేదు.

22 జూలై

రాత్రంతా వాన. చంకలో వేలు పెట్టి వెతికాను. దొరకలేదు. ఇంకోసారి వెతికాను. ఆయనకు కితకితలు పెట్టినట్టయి నా చెయ్యి తోసేశాడు. ఫొటోల్లో కూడా తగ్గిందట, పూర్తిగా పోయిందని ఇప్పుడే చెప్పలేమట, ఏడాది చూడాలట. చూస్తాను. కోపం తగ్గించుకోమని రాజ్యం అంటుంది. ఏడాది చూశాక తగ్గించుకుంటాను.

ఇవాళ పప్పు బస్తా కొరికి చిల్లు పెట్టింది ఎలుక. బోనులో పడింది. ఎప్పటిలాగే బకెట్లో ముంచబోతుంటే ఆయన లోపల్నుంచి, "దాన్ని ఇడిసిపెట్టవే. సుట్టం గదా" అన్నాడు.

వానలో, బోను చేత్తో పట్టుకుని, కాలువ దాకా నడిచాను. దారి పొడుగునా ఆయన్నీ, వాళ్ళమ్మనూ, పప్పు ధరనూ తిట్టుకుంటూ పోయాను. గట్టు మీద తలుపు తెరిస్తే అది వెంటనే పోలేదు. నా మొహం చూస్తూ కూర్చుంది.

"పోవే!" అన్నాను. "మళ్ళ మా దుకాణం దిక్కు వచ్చినవంటే సంపేస్త."